ఎస్‌యూవీకి పెద్ద అలాయ్ వీల్స్: కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

మా అక్క కొడుకు పోయిన ఆగస్టులో తెనాలి నుంచి బండేసుకుని నేరుగా నా షాపుకే వచ్చాడు. 2021 హ్యుందాయ్ క్రెటా, కింది వేరియంటు. 16 ఇంచుల ఇనుప డిస్కులు, వాటి మీద ప్లాస్టిక్ మూతలు. దిగీదిగగానే ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. నల్లటి 19 ఇంచుల అలాయ్‌లు, వాటిని చుట్టుకుని పల్చటి టైర్లు.

"మావయ్యా, ఇవి వేయించు. డబ్బులు తెచ్చుకున్నా."

విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేస్తున్నాను. నేను చక్రాలు అమ్మను. ఎక్కడో కొని బిగించుకున్నాక స్టీరింగ్ అదురుతోందనో, బండి ఒక పక్కకి లాగుతోందనో, టైరుకి బుడగ వచ్చిందనో నా దగ్గరికి వస్తారు. అందుకే వాడిని ఆ రోజు కొట్టుకి తీసుకెళ్లకుండా నా బల్ల ముందు కూర్చోబెట్టి, కాగితం మీద లెక్క వేయించాను. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను. మీ బండి వేరేదైతే మీ అంకెలు పెట్టుకుని ఇదే వరసలో వేసుకోండి. చక్రం బండి బరువంతా మోసే భాగం. అది ఎంత బరువు మోయగలదో, దాని చుట్టూ రబ్బరు గోడ ఎంత ఉంటుందో తేలాకే డిజైన్ దగ్గరికి వెళ్లాలి.

ముందు డ్రైవర్ తలుపు తెరవండి

తలుపు తెరిస్తే పిల్లర్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. టైరు సైజు, ఎంత గాలి కొట్టాలో దాని మీద రాసి ఉంటాయి. మావాడి బండి టైరు మీద ఉన్నది 205/65 ఆర్16 95హెచ్. 205 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. 16 అంటే డిస్కు అడ్డు కొలత ఇంచుల్లో. 95 అనేది బరువు కోడ్, ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుందని దాని అర్థం. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం వరకు పనికొస్తుందని.

ఇప్పుడు చక్రం మొత్తం ఎత్తు కట్టాలి. 16 ఇంచులని 25.4తో హెచ్చిస్తే 406.4 మిల్లీమీటర్లు. గోడ 133.25, పైనా కిందా కలిపి 266.5. మొత్తం 672.9 మిల్లీమీటర్లు.

ఇదే క్రెటాలో పై వేరియంట్లకి కంపెనీ ఇచ్చే సైజు 215/60 ఆర్17. అదీ ఇలాగే కట్టండి: 431.8కి 258 కలిపితే 689.8. పాతదాని కంటే 17 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర శాతం ఎక్కువ. మీటరు 100 చూపిస్తే బండి పాతదాని కంటే రెండున్నర కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుందన్నమాట. బండి నేల నుంచి లేచేది మాత్రం అందులో సగమే, 8 మిల్లీమీటర్ల చిల్లర. "చక్రం పెద్దదైతే బండి బాగా ఎత్తు అవుతుంది" అనుకునేవాళ్లు ఈ సగం సంగతి మర్చిపోతారు.

ఒకే బాడీకి కంపెనీ రెండు సైజులు ఇచ్చిందంటే, ఆ రెండూ తిరిగేలా మడ్‌గార్డ్ లోపల చోటు చూసుకునే ఇచ్చింది. కాబట్టి కింది వేరియంటు ఉన్నవాళ్లకి మొదటి జవాబు పై వేరియంటు సైజే. కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. దాన్ని దాటి పోదల్చుకుంటే, మీ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన పెద్ద సైజుకి 3 శాతం లోపు ఉండేలా చూసుకోండి. చక్రం ఎత్తు పెరిగేకొద్దీ మీటరు, కిలోమీటర్ల లెక్క తప్పుతాయి. అన్నిటికంటే ముందు మీ కాలికి తెలిసేది పికప్ తగ్గడం. పెద్ద చక్రాన్ని తిప్పడానికి ఇంజన్ అదే గేరులో ఎక్కువ కష్టపడాలి.

18కి వెళ్దామంటే 215/55 ఆర్18 మొత్తం ఎత్తు 693.7. 17 సైజుతో పోలిస్తే అర శాతం పైచిలుకు, ఫర్వాలేదు. 235/50 ఆర్18 అయితే 692.2, అదీ ఎత్తులో సరిపోతుంది గానీ వెడల్పు 20 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 225/55 ఆర్18 ఎత్తు 704.7. 17 సైజుతో పోలిస్తే 3 శాతం లోపే అయినా, మావాడి 16తో పోలిస్తే 4.7 శాతం ఎక్కువ, దాన్ని నేను ఒప్పుకోను.

గోడ ఎంత మిగిలిందో చూడండి

అసలు విషయం ఇది. మొత్తం ఎత్తు మారకుండా డిస్కు పెరిగితే, ఆ పెరిగినదంతా రబ్బరు గోడ నుంచే పోతుంది.

మావాడికి స్కేలు ఇచ్చి కాగితం మీద గీయమన్నాను. 16లో గోడ 133 మిల్లీమీటర్లు. 17లో 129. 18లో 55 సిరీస్ అయితే 118. వాడు తెచ్చిన ఫొటోలో ఉన్న 235/45 ఆర్19లో 106. మొదటి గీతకీ చివరి గీతకీ మధ్య వేలెడు తేడా. మన రోడ్ల మీద గుంతలో పడ్డప్పుడు ఆ వేలెడు రబ్బరే డిస్కుని కాపాడుతుంది.

గుంతలో ఏం జరుగుతుందో చెబుతాను. చక్రం గుంతలోకి దిగి ఎదుటి అంచుని కొడుతుంది. గోడ నలిగి, ఆ అంచుకీ డిస్కు పెదవికీ మధ్య నొక్కుకుపోతుంది. గోడలో సరిపడా ఎత్తు, లోపల సరిపడా గాలి ఉంటే ఆ దెబ్బ అక్కడే చచ్చిపోతుంది. ఎత్తు చాలకపోతే లోపలి దారాలు తెగుతాయి. పైకి కొన్నాళ్లు ఏమీ కనిపించదు. తర్వాత టైరు పక్కన కోడిగుడ్డంత బుడగ వస్తుంది. దానికి పంచర్ వేసినట్టు అతుకు వేసే దారి లేదు, ఆ టైరు పారేయాల్సిందే. దెబ్బ ఇంకా గట్టిదైతే డిస్కు పెదవి వంగుతుంది, లేదా పగులుతుంది.

మా వైపు నేల కూడా ఈ విషయంలో కలిసిరాదు. కృష్ణా డెల్టా, గుంటూరు, పల్నాడు అంతా చాలా మటుకు నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. దాని మీద వేసిన రోడ్డు ఎంత బాగా వేసినా అలలు అలలుగా లేస్తుంది, అంచులు విరుగుతాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నా షాపుకి వచ్చే వంగిన డిస్కులు ఎక్కువగా ఊళ్లలోకి పోయే రోడ్ల నుంచి వచ్చినవే, హైవే మీదవి కావు.

అలాగని ఇంచులు పెరిగిన ప్రతి బండీ తప్పు చేసినట్టు కాదు. ఫార్చ్యూనర్ చూడండి. కంపెనీ ఇచ్చే సైజుల్లో ఒకటి 265/65 ఆర్17, గోడ 172 మిల్లీమీటర్లు. దానికి 265/50 ఆర్20 వేసినా గోడ ఇంకా 132 ఉంటుంది, అంటే మావాడి 16 ఇంచుల టైరుకి ఉన్నంత. మొత్తం ఎత్తు కూడా 776కి బదులు 773, దాదాపు సమానం. కాబట్టి "20 ఇంచులు మంచివా, 18 మంచివా" అని అడిగితే జవాబు ఉండదు. మీ బండికి ఎంత గోడ మిగులుతుందో అడగాలి. క్రెటా సైజు బండిలో గోడ మూడు నాలుగు మిల్లీమీటర్లు తగ్గితే మీకు తెలియదు. 15 దాకా అయితే సీటుకి తెలుస్తుంది. 25 దాటితే డిస్కుకి తెలుస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. క్రెటా, సెల్టోస్ సైజు బండి ఉండి, వారానికోసారైనా ఊళ్లలోకి వెళ్లేవాళ్లు 17 దగ్గర ఆగండి. బండి తొంభై శాతం నగరంలో, హైవేల మీదే తిరుగుతుందనుకుంటే 18, అదీ 55 సిరీస్ టైరుతో. 19 వద్దు.

2016లో నా బండి

నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. 2015లో నేనూ క్రెటానే కొన్నాను. అదే 205/65 ఆర్16. ఏడాది తిరక్కుండానే 18 ఇంచుల అలాయ్‌లు వేయించాను. ఈ పనిలో ఉన్నవాణ్ని కదా, లెక్క వేసే వేయించాను. 215/50 ఆర్18 ఎత్తు 672.2. పాతది 672.9. తేడా మిల్లీమీటరు కూడా లేదు. మీటరు తప్పదు, ఎక్కడా రుద్దుకోదు. ఇంతకంటే సరైన సైజు ఉండదని వచ్చినవాళ్లందరికీ చూపించాను.

ఆ లెక్కలో మూడు విషయాలు వదిలేశాను. గోడ 133 నుంచి 107కి దిగింది. బరువు కోడ్ 95 నుంచి 92కి పడింది, అంటే ఒక్కో టైరు మోత 690 కిలోల నుంచి 630కి వచ్చింది. ఇవి రెండూ ఉండగా గాలి మాత్రం పాత స్టిక్కర్ చూసే కొట్టాను. మోత తక్కువ ఉన్న టైరు అదే బరువు మోయాలంటే గాలి ఎక్కువ కావాలి. నేను ఇవ్వలేదు.

సెప్టెంబరులో హైదరాబాదు నుంచి వస్తున్నాం. అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు, డిక్కీ నిండా సామాన్లు. రాత్రి తొమ్మిదిన్నర దాటింది, వాన పడి వెలిసింది. నందిగామ దాటాక నీళ్లు నిలిచిన ఒక గుంతలో ముందు ఎడమ చక్రం పడింది. దబ్‌మని చప్పుడు. స్టీరింగ్ ఒక్కసారిగా ఎడమకి లాగేసింది. బ్రేకు మీద కాలు ఊపి తొక్కకుండా, స్టీరింగ్ బిగబట్టి, బండి దానంతటది నెమ్మదించేదాకా పోనిచ్చి పక్కకి తీశాను. దిగి చూస్తే డిస్కు పెదవి అరచేయంత మేర విరిగి ఉంది. టైరులో గాలి లేదు.

స్టెప్నీ తీశాను. అది కంపెనీ ఇనుప డిస్కు. అలాయ్‌లతో పాటు కొట్టువాళ్లు ఇచ్చిన కొత్త నట్లు పొడుగ్గా, చివర మూసి ఉన్నాయి. ఇనుప డిస్కు అలాయ్ కంటే పల్చన. నట్టు తిప్పుతుంటే డిస్కుని నొక్కకముందే స్టడ్, అంటే నట్టు ఎక్కే మర బోల్టు, చివర దాని మూతకి తగిలి ఆగిపోయింది. ఐదు నట్లూ అంతే. చక్రం వదులుగా ఊగుతోంది. పాత నట్లు ఇంట్లో డబ్బాలో ఉన్నాయి.

షాపు కుర్రాడికి ఫోన్ చేస్తే వాడు మా ఇంటికెళ్లి నట్లు తీసుకుని బైక్ మీద వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ లారీలు పోతున్న రోడ్డు పక్కన అమ్మ చీర కొంగు నెత్తిన వేసుకుని, చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "ఆ పాతవి బాగానే ఉండేవి కదరా" అంది. ఆ వారంలోనే నాలుగూ తీసేశాను.

అప్పటి నుంచి ఎవరు అడిగినా మొదట బరువు కోడ్ చూపిస్తాను. కొత్త టైరు మీద ఆ అంకె పాతదానికి సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. 91 అంటే 615 కిలోలు, 92 అంటే 630, 94 అంటే 670, 95 అంటే 690, 96 అంటే 710, 98 అంటే 750. పల్చటి టైర్లలో కొన్నిటి మీద ఎక్స్‌ఎల్ అని ఉంటుంది. అవి ఎక్కువ బరువు మోసేవే, కానీ ఆ మోత మొత్తం రావాలంటే మామూలు టైరు కంటే ఎక్కువ గాలి పట్టాలి. మామూలు టైరుకి ఆ పూర్తి మోత 36 పీఎస్ఐ దగ్గర కడితే, ఎక్స్‌ఎల్‌కి 42 దగ్గర కడతారు. మీరు 42 కొట్టమని కాదు, పాత స్టిక్కర్ అంకె కొత్త టైరుకి అచ్చంగా వర్తించదని చెప్పడానికే ఇది. కొత్త సైజుకి ఎంత గాలి అన్నది టైరు కంపెనీ పట్టిక చూసి చెప్పగలిగిన డీలర్ దగ్గరే టైరు కొనండి.

డిస్కు వెనక ఉన్న అంకెలు

అలాయ్‌ని తిరగేసి చూడండి. ముందువైపు డిజైన్ మీకు నచ్చాలి, వెనకవైపు అంకెలు మీ బండికి నచ్చాలి.

పీసీడీ అంటే బోల్టులు నిలబడే వలయం కొలత. క్రెటా, సెల్టోస్, బ్రెజా, ఇన్నోవా క్రిస్టాలకి 5×114.3, అంటే ఐదు బోల్టులు, వలయం అడ్డు కొలత 114.3 మిల్లీమీటర్లు. హారియర్‌కి 5×108. ఫార్చ్యూనర్‌కి 6×139.7. ఇది అచ్చంగా కలవాలి, దగ్గర దగ్గరగా ఉంటే కుదరదు. 5×112 డిస్కుని 5×114.3 హబ్‌కి (బండి వైపు చక్రం బిగించే భాగానికి) ఎక్కించి నట్లు బిగించేసినవాళ్లని చూశాను. పైకి బిగిసినట్టే ఉంటుంది గానీ ఒక్క నట్టూ దాని గుంటలో సూటిగా కూర్చోదు, స్టడ్లు వంపు మీద పని చేస్తాయి. అలాంటి చక్రం నా షాపులోకి వస్తే విప్పుతానే తప్ప మళ్లీ బిగించను.

మధ్య రంధ్రం గురించి కొట్లో ఎవరూ చెప్పరు. క్రెటా హబ్ 67.1 మిల్లీమీటర్లు. బయట దొరికే అలాయ్‌లు చాలావాటికి 73.1 ఉంటుంది, రకరకాల బండ్లకి పట్టాలని అలా పెద్దగా చేస్తారు. తేడా 6 మిల్లీమీటర్లు, చుట్టూ 3 చొప్పున ఖాళీ. ఆ ఖాళీలో హబ్ రింగ్ పెట్టాలి, బయటి కొలత 73.1, లోపలి కొలత 67.1. రింగ్ లేకుండా బిగిస్తే చక్రం నడిమధ్యన కూర్చోదు. 80 దాటగానే స్టీరింగ్ సన్నగా అదరడం మొదలవుతుంది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించుకుని, వెయిట్లు మీద వెయిట్లు కొట్టించుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి చిన్న రింగులు నాలుగు పెడితే అదురు పోయింది.

తర్వాత ఈటీ, అంటే ఆఫ్‌సెట్. డిస్కు హబ్‌ని తాకే ముఖం, డిస్కు నడిమధ్య గీతకి ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో చెప్పే అంకె. ఇది తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది. దీన్ని వెడల్పుతో కలిపి లెక్కేయాలి. ఉదాహరణకి మీ పాత డిస్కు మీద ఆరున్నర ఇంచులు, ఈటీ 45 అని ఉంది, కొత్తది 8 ఇంచులు, ఈటీ 35 అనుకోండి. ఒకటిన్నర ఇంచు వెడల్పు పెరిగింది, అందులో సగం 19 మిల్లీమీటర్లు. ఈటీ 10 తగ్గింది. బయటి అంచు 19కి 10 కలిపి 29 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. లోపలి అంచు 19లో 10 పోగా 9 మిల్లీమీటర్లు షాక్ అబ్జార్బర్ వైపు వెళ్తుంది.

29 మిల్లీమీటర్లు బయటికొస్తే ఏమవుతుంది? బండి వెడల్పుగా, ఠీవిగా కనిపిస్తుంది, నిజమే. దాంతో పాటు వీల్ బేరింగ్ మీద పట్టు మారుతుంది, గతుకుల్లో స్టీరింగ్ చేతిలోంచి గుంజుకుంటుంది, వానలో బురద తలుపుల నిండా కొడుతుంది. అన్నిటికంటే నాకు బాధనిపించేది, టైరు మడ్‌గార్డ్ దాటి బయటికొచ్చిన బండి వెనక బైక్ మీద వచ్చేవాడి ముఖానికి రాళ్లు తగలడం. బయటి అంచు 10, మహా అయితే 12 మిల్లీమీటర్లకి మించి జరగకుండా చూసుకోండి. స్పేసర్లు పెట్టి బయటికి నెట్టే పనిని నేను చేయను.

డిస్కు వెడల్పు, టైరు వెడల్పు కూడా జోడీ కుదరాలి. 215/55 ఆర్18కి 6 నుంచి ఏడున్నర ఇంచుల డిస్కు సరిపోతుంది. 8 ఇంచుల డిస్కు మీద దాన్ని లాగి కూర్చోబెడితే గోడ ఏటవాలుగా సాగిపోయి డిస్కు పెదవి బయటపడుతుంది.

నట్ల సంగతి నా కథలో చూశారు. ఇంకో మాట ఉంది. హ్యుందాయ్, కియాల నట్టు ముఖం శంకువులా ఏటవాలుగా ఉంటుంది. హోండావి గుండ్రంగా ఉంటాయి. టయోటా కంపెనీ అలాయ్‌ల నట్లకి చదునైన వాషర్ ఉంటుంది. బయటి అలాయ్‌లకి దాదాపుగా శంకువు నట్లే కావాలి. కంపెనీ నట్టు కొత్త డిస్కు గుంటలో సరిగ్గా కూర్చుంటుందో లేదో చేత్తో పెట్టి చూడండి. పాత నట్లు మాత్రం ఒక గుడ్డ సంచిలో కట్టి స్టెప్నీ పక్కనే పెట్టండి. ఇంట్లో కాదు.

కొనేటప్పుడు

కాటా ఉన్న కొట్టుకి వెళ్లండి, లేదా చిన్న కాటా మీరే తీసుకెళ్లండి. చక్రం బరువు స్ప్రింగుల కింద ఉండే బరువు. అది పెరిగితే ప్రతి గతుకులోనూ సస్పెన్షన్ ఎక్కువ కష్టపడుతుంది, బ్రేకు ఎక్కువ ఆపాలి, మైలేజీ తగ్గుతుంది. మావాడికి చూపించడానికి ఒక 19 ఇంచుల పోత అలాయ్‌ని టైరుతో సహా తూచాం. పాత ఇనుప చక్రం కంటే ఒక్కోటి 5 కిలోలు ఎక్కువ తూగింది. నాలుగింటికీ 20 కిలోలు, అదీ తిరిగే బరువు. పోత పోసిన డిస్కుల్లోనే ఫ్లో ఫార్మింగ్ అని ఇంకో రకం ఉంది. మధ్యభాగం పోత పోసి, చుట్టూ ఉన్న గొట్టం భాగాన్ని వేడి మీద తిప్పుతూ రోలర్లతో సాగదీస్తారు. అదే గట్టిదనం తక్కువ బరువులో వస్తుంది. ధర ఎక్కువే, కానీ 18కి వెళ్లాలని పట్టుబట్టినవాళ్లకి నేను చెప్పేది అదే.

వెనకవైపు జేడబ్ల్యూఎల్, వీఐఏ అనే గుర్తులు చూడండి. మొదటిది తేలికపాటి లోహపు చక్రాలకి జపాన్ ప్రమాణం, రెండోది అక్కడి తనిఖీ సంస్థ గుర్తు. ఆ అక్షరాలు పోతలో ఎవరైనా పోసుకోవచ్చు కాబట్టి వాటిని ఒక్కటే నమ్మకండి. ఆ చక్రం ఎన్ని కిలోలు మోస్తుందో కూడా దాని మీద ఉండాలి. బ్రాండు పేరుతో, సైజుతో పక్కా బిల్లు ఇవ్వనన్న చోట కొనకండి. టైరు మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరిగా ఉండాలి. తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది: 3524 అంటే 2024లో 35వ వారం.

సెకండ్ హ్యాండ్ అలాయ్ కొంటే లోపలి వైపు చేత్తో తడమండి. వెల్డింగ్ చేసి రంగేసిన చోట గరుకుగానో, మిగతాదాని కంటే నున్నగానో తెలుస్తుంది. వెల్డింగ్ చేసిన అలాయ్ ఎంత చవకగా వచ్చినా వద్దు. బ్యాలెన్సింగ్ మిషన్ మీద ఖాళీ డిస్కుని తిప్పి చూస్తే వంకర కళ్ల ముందే కనిపిస్తుంది. కొనేముందే అది చేయించండి.

డబ్బు మీద నా లెక్క ఒకటే. చేతిలో ఉన్నదాంట్లో టైర్లకి ముందు తీసి పక్కన పెట్టి, మిగిలినదాంట్లో డిస్కులు చూసుకోండి. డిస్కులకే అంతా పోసి, పేరు తెలియని టైర్లు వేసుకున్న బండ్లు ఎన్నో చూశాను. రోడ్డుని పట్టుకునేది రబ్బరే.

చట్టం సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. వాహనానికి చేసే మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కంపెనీ ఆ మోడల్‌కి ఇచ్చిన సైజులోనే ఉంటే మీకు చాలా తలనొప్పులు తప్పుతాయి. ఇన్సూరెన్స్ వాళ్లకి అలాయ్‌లు వేసినట్టు రాసిచ్చి పాలసీలో ఎక్కించుకోండి. పాత చక్రాలు అమ్మేయకండి, బండి అమ్మే రోజున అవి పనికొస్తాయి.

బిగించే రోజు

మావాడు సాయంత్రం దాకా కాగితం ముందు కూర్చున్నాడు. ఆఖరికి, "మావయ్యా, 17 వేసుకుంటే చిన్నగా కనపడవా?" అన్నాడు. అప్పుడే షాపు ముందు సర్వీసుకి వచ్చిన పై వేరియంటు క్రెటా ఒకటి ఆగి ఉంది. పోయి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చాడు. ఇంకేమీ అనలేదు.

వారం తిరగకుండా మంచి బేరం దొరికింది. కొత్త బండికి వచ్చిన కంపెనీ 17 ఇంచుల అలాయ్‌లు తీసేసి, 18 వేయించుకున్నవాళ్లవి. ఇలాంటివి ఆటోనగర్‌లో తరచూ వస్తాయి, మీరూ ముందు వీటి కోసమే అడగండి. హబ్ కొలత అదే, ఆఫ్‌సెట్ కంపెనీది, రింగులు అక్కర్లేదు, కంపెనీ నట్లే పడతాయి, ఆ నట్లే స్టెప్నీకీ పనికొస్తాయి. నాలుగూ మిషన్ మీద తిప్పి చూసి తీసుకున్నాం.

బిగించేముందు హబ్ ముఖం మీద తుప్పుని వైర్ బ్రష్‌తో గీకాం. నట్లు చేత్తో నాలుగు చుట్లు తిప్పాక, నక్షత్రం గీసినట్టు ఒకదానికి ఎదురుగా ఉన్నది చొప్పున బిగించాలి, వరసగా కాదు. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, అంటే మనం పెట్టిన బిగువు రాగానే క్లిక్‌మనే స్పానర్‌తో. హ్యుందాయ్ చెప్పేది 11 నుంచి 13 కేజీఎఫ్ మీటర్లు. గాలి గన్‌తో ఢర్‌మని బిగించి వదిలేస్తే స్టడ్ సాగుతుంది, రోడ్డు మీద పంచరైనప్పుడు మీ చేతి స్పానర్‌కి ఊడి రాదు.

తర్వాత రుద్దుకునే పరీక్ష. దీనికి ఖర్చు లేదు. టైరు భుజాల మీద, లోపలా బయటా, తడి సుద్ద గట్టిగా పూయండి. వెనక ముగ్గురిని కూర్చోబెట్టి, స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి ముందుకీ వెనక్కీ నడపండి, అలాగే కుడికి. ఒక పెద్ద స్పీడ్ బ్రేకర్ నెమ్మదిగా ఎక్కించి దించండి. దిగి టార్చ్ వేసి మడ్‌గార్డ్ లోపల చూడండి. ఎక్కడ రుద్దుకుంటే అక్కడ తెల్లగా అంటుకుంటుంది. కంపెనీ సైజుకి అంటుకోదు, కానీ నేను ప్రతి బండికీ చేస్తాను. షాక్ అబ్జార్బర్‌కీ టైరుకీ మధ్య చిటికెన వేలు దూరాలి. అంటుకుందని చెప్పి ప్లాస్టిక్ లైనింగ్ కోసేవాళ్లున్నారు, అది చేయనివ్వకండి. ఆ సైజు మీ బండిది కాదని అర్థం.

ఆ తర్వాత అలైన్‌మెంట్, గాలి. ఈసారి గాలి 17 ఇంచుల సైజుకి కంపెనీ చెప్పిన అంకె ప్రకారమే కొట్టాం. స్టెప్నీ 16 ఇంచులదే ఉంది కాబట్టి దాని మీద పంచర్ షాపు దాకా నెమ్మదిగా వెళ్లడమే తప్ప ఊళ్లు తిరగొద్దని చెప్పాను. నాలుగు చక్రాలకీ ఇంజన్ పట్టు ఉండే బండ్లకైతే ఎత్తు వేరుగా ఉన్న స్టెప్నీతో పోవడం గేర్ భాగాలకే దెబ్బ, వాళ్లు స్టెప్నీ కూడా మార్చుకోవాలి.

కొత్తగా బిగించిన నట్లు కొంచెం తిరిగాక సర్దుకుంటాయి. 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు మళ్లీ చూడాలి. అందుకని వాడిని, "తెనాలి వెళ్లి అమ్మకి చూపించి రా, వచ్చాక చూద్దాం" అని పంపాను. రాత్రి ఎనిమిదింటికి తిరిగొచ్చాడు. మా అక్క కట్టించిన సున్నుండల డబ్బా సీటు మీద ఉంది. టార్క్ రెంచ్ వాడి చేతికే ఇచ్చాను. 20 నట్లలో 19 క్లిక్‌మని కదలకుండా ఆగాయి. వెనక కుడి చక్రంలో ఒకటి పావు చుట్టు తిరిగి ఆగింది.

"ఇది నువ్వు చూడమనకపోతే..." అన్నాడు.

"వచ్చే వారం ఇంకోసారి రా, మళ్లీ చూద్దాం" అన్నాను.